ఇంటి అంతర్జాలము – ఇల్లాలి విచారణ



కుండను కొనునప్పుడు మనము వ్రేలితో తట్టి చూతుము. బియ్యము కొనునప్పుడు రెండు గింజలు నోట వేసికొని కొరికి చూతుము. పాలు పోయువాడు క్రొత్తవాడైనచో వారము దినములు తోడు పెట్టి, పెరుగు గట్టిగా తోడుకొన్నదో లేదో పరీక్షించిన పిమ్మటనే నెల ఖాతా వ్రాయించుకొందుము. ఇంత జాగరూకత గల మనము ఇంటికి ఇంటర్నెట్టు పెట్టించుకొనునప్పుడు మాత్రము ఒక్క మాటయు అడుగకుండ ఊరకుందుము. "అది మగవారి వ్యవహారము, మనకేమి తెలియును?" అని తప్పించుకొందుము. మేమును అట్లే తప్పించుకొంటిమి. దాని ఫలమును మా పెద్దమ్మాయి అనుభవించుచున్నది. ఆ సంగతి చెప్పి, పిదప మేము నేర్చుకొన్న నాలుగు మాటలు మీ ముందుంచుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మేముండునది మరిపెడకు సమీపమున నొక పల్లె. మరిపెడ ఖమ్మమునుండి వరంగల్లు పోవు పెద్దబాట మీద నున్నది. 2016 అక్టోబరు వరకు వరంగల్లు జిల్లాలో నుండి, నాటినుండి మహబూబాబాదు జిల్లాలో చేరినది. బాట ప్రక్కన సెల్లు టవరు సంకేతము బాగుగనే యుండును. కాని బాట దిగి మిరపచేల నడుమ రెండు మైళ్లు లోపలికి వచ్చితిమా, ఫోనులోని సంకేతపు గీతలు ఒక్కొక్కటిగ తగ్గిపోవును. మావారు ఉపాధ్యాయులు. కరోనా కారణమున బడులు మూతపడియున్న కాలమున, 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి ప్రభుత్వమువారు టీశాట్టు, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠములు ప్రసారము చేసిరి. టెలివిజను గల ఇండ్ల పిల్లలు వానిని చూచిరి. కాని సందేహ మడుగుటకును, వ్రాసినదానిని గురువునకు పంపుటకును ఫోను కావలసి వచ్చెను. ఆ దినములలో మావారు సంకేతము దొరకుటకై ప్రతి ఉదయము డాబా ఎక్కి నీళ్లతొట్టి ప్రక్కన నిలువబడుచుండిరి. ఇంటికి తీగ వేయించవలెనను ఆలోచన అప్పుడే పుట్టినది.

పిదప రెండేండ్లకు ఒక ఏజెంటు మా వీథికి వచ్చెను. నూరు మెగాబిట్ల వేగమనెను, అపరిమితమనెను, ఆరునెలల పైకము ముందుగా చెల్లించినచో రౌటరు ఉచితమనెను. మావారు బడికి పోవు తొందరలో సంతకము చేసిరి. పేరు వారిది, ఫోను నంబరు వారిది. మేము లోపల పోపు వేయుచుంటిమి. ఆ ఏజెంటును మావారేమియు అడుగలేదు. ఏమి అడిగితిరని మావారిని మేమును అడుగలేదు.

మూడు నెలలు బాగుగనే నడచినది. జూలైలో ముసురు పట్టినది. ఒకనాటి రాత్రి పెట్టె మీద ఎర్రదీపము వెలిగినది. మా పెద్దమ్మాయి ఇంజనీరింగు కాలేజీలకు వెబ్ ఆప్షన్లు పెట్టుకొనవలసిన వారమది. ఫిర్యాదు చేయబోతిమి. మా ఖాతా సంఖ్య మాకు తెలియదు. దానిని పాత కాగితములలో వెదకి కనుగొనగా, ఓటీపీ మావారి ఫోనునకు పోయెను. ఆ ఫోను బడిలో వారి జేబులో నున్నది. పాఠము చెప్పునప్పుడు వారు ఫోను తీయరు. కాగితము మీది నంబరునకు ఫోను చేయగా యంత్రము పలికినది. కడకు ఏజెంటును పట్టుకొంటిమి. "నేను కనెక్షన్లు ఇచ్చేటోన్ని అమ్మా, రిపేరు వేరేవాళ్లు చూస్తరు" అని ఫోను పెట్టివేసెను. ఆ వేరేవారు దూరపు పట్టణమున నుందురట. నేడు వత్తుము, రేపు వత్తుమని చెప్పి, పదునొకండు దినములకు వచ్చిరి.

వారి మాట నమ్మి మేము దినదినము ఆగితిమి. చివరి రాత్రి మా అమ్మాయి గొడుగు పట్టుకొని డాబా మీద నిలిచి, ఫోనులో ఆప్షన్లు నింపెను. పుటలు సగము తెరచుకొని నిలిచిపోవుచుండెను. ఆ తొందరలో వరుస తప్పినది. రెండవదిగ పెట్టవలసిన దగ్గరి కాలేజీ తొమ్మిదవదిగ పడినది. ఇంటినుండి దినము వచ్చిపోదగిన కాలేజీకి తగిన ర్యాంకు ఉండియు, పిల్లకు దూరపు కాలేజీలో సీటు వచ్చినది. హాస్టలు ఖర్చు ఏటేట మా మీద పడినది. మరునాడే మరిపెడకు పోయి నెట్టు సెంటరులో నింపియుండవలసినది. అట్లు చేయకుండుట మా పొరపాటే. కాని తీగ వేయించిననాడు ఎవరు బాగుచేయుదురని ఒక్క ప్రశ్న అడిగియుండినచో, ఆ పదునొకండు దినముల నమ్మకము మాకు కలిగియుండెడిది కాదు.

నాటినుండి మేము ఈ విషయమును గూర్చి చదివితిమి, అడిగితిమి. పల్లెటూళ్లకు ఇంటర్నెట్టు వచ్చు త్రోవలు ముఖ్యముగా మూడు.

మొదటిది గాజుతీగ, దీనినే ఫైబరనుచున్నారు. వెంట్రుకవలె సన్నని గాజుపోగులో వెలుతురు ప్రవేశించి, అంచులకు తగిలి బయటికి పోక, మరల మరల లోపలికే తిరుగుచు మైళ్లకొలది ప్రయాణము చేయును. మన అక్షరములు, బొమ్మలు, పాటలు అన్నియు ఆ వెలుతురు మిణుకులుగానే వచ్చును. సాధారణముగ ఒక పోగును 32 లేక 64 ఇండ్లకు పాయలుగ చీల్చి ఇత్తురు. కావున కాలువ నీటివలె అది అందరి సొత్తు; అందరు ఒక్కమారు తూము తెరచినచో ధార సన్నగిల్లును. ఐనను మూడింటిలో నిలకడయైనది ఇదియే. దీని బలహీనత యొక్కటే, తెగుట. గడ్డి మోపులతో నిండిన ట్రాక్టరు తగిలినను, మట్టి త్రవ్వు జేసీబీ తగిలినను, కోతులు ఊగినను తెగును. తెగినప్పుడు దీనిని రాగితీగవలె మెలిపెట్టి అతుకుటకు వీలులేదు. రెండు కొసలను సూటిగా చేర్చి, విద్యుత్తుతో కరిగించి అతుకు యంత్రము ఒకటి కావలెను. ఆ యంత్రము ఎవరి యొద్ద, ఎంత దూరమున నున్నదో కనుగొనుట ఇల్లాలు అడుగవలసిన మొదటి ప్రశ్న.

రెండవది టవరునుండి గాలిలో వచ్చునది. డాబా మీద ఒక పెట్టె బిగించి 5జీ సంకేతమును పట్టి, ఇంటిలోనికి వైఫైగ ఇత్తురు. ఎయిర్‌టెల్ వారు 2023 ఆగస్టులోను, జియో వారు సెప్టెంబరులోను దీనిని ఎయిర్‌ఫైబరను పేరిట మొదట నగరములలో ప్రారంభించిరి. ఇంటి ముందు తెగు తీగ లేదు కనుక కోతుల బాధ లేదు. కాని టవరు దూరమైనను, నడుమ గుట్టయో తోపో అడ్డమైనను, సాయంకాలమున ఊరంతయు ఆ టవరునే వాడినను వేగము పడిపోవును. దీనిని తీసికొనదలచినవారు ఆ కంపెనీ సిమ్ము గల 5జీ ఫోనును ఎవరినుండియైన ఎరవు తెచ్చి, రాత్రి ఎనిమిది గంటలకు తమ డాబా మీదనే వేగపరీక్ష చేసి చూచుకొనవలెను. పగలు రెండు గంటలకు చేసిన పరీక్ష పనికిరాదు; ఊరు అప్పుడు చేలలో నుండును.

మూడవది ఆకాశమార్గము. భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున తిరుగు చిన్న ఉపగ్రహములనుండి సంకేతమును పళ్లెమువంటి యాంటెన్నాతో పట్టుదురు. స్టార్‌లింకు కంపెనీకి మన కేంద్ర టెలికాం శాఖవారు 2025 జూనులో అనుమతిపత్రము ఇచ్చిరి. తీగయు టవరును చేరని అడవి తండాలకు ఇట్టిది దిక్కు కాగలదు. తీగ వచ్చు ఊళ్లవారు దీనికై ఎదురుచూడ పనిలేదు.

ఇక ప్రభుత్వపు తీగల సంగతి. మన దేశమున సామాన్యులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న పెద్ద నగరములలో మొదలైనది. పల్లెలకు గాజుతీగ వేయవలెనని కేంద్రప్రభుత్వము 2011లో సంకల్పించి, దాదాపు రెండున్నర లక్షల గ్రామపంచాయతీలను కలుపుటకు పూనుకొన్నది. దానినే పిదప భారత్‌నెట్ అనిరి. 2023 ఆగస్టులో దానికి మరల 1,39,579 కోట్ల రూపాయలు మంజూరు చేసిరి. మన రాష్ట్రమున మిషన్ భగీరథ నీటిగొట్టములకై త్రవ్విన కందకములలోనే గాజుతీగను గూడ పరచి, దానికి టీ-ఫైబరని పేరిడిరి. 2024 డిసెంబరులో కొన్ని గ్రామములలో ఇండ్లకు ప్రయోగముగ ఇచ్చుట మొదలిడిరి. ఆంధ్రప్రదేశ్‌వారు కరెంటు స్తంభముల మీదుగ తీగ లాగి ఫైబర్‌నెట్టును ఏర్పరచిరి. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారు దానిని జాతికి అంకితము చేసిరి. కాని సోదరీమణులారా, పంచాయతీ కార్యాలయమునకు తీగ వచ్చుట వేరు, మన ఇంటికి వచ్చుట వేరు. ఊరి ట్యాంకునకు నీరు వచ్చినంతమాత్రమున మన బిందె నిండదు గదా! కావున పంచాయతీకి పోయి, తీగ అక్కడనే ఆగినదా, ఇండ్లకు ఇచ్చు గుత్త ఎవరికైన ఉన్నదా అని అడిగి తెలిసికొనుట మేలు.

వేగమును గూర్చి అమ్మువారు చెప్పు లెక్కలు మనలను భయపెట్టును. నిజమునకు అది సోలెడు తవ్వెడు లెక్కవంటిదే. వేగమును మెగాబిట్లలో చెప్పుదురు. మన ఫోనులోని బొమ్మల, పాఠముల పరిమాణము మెగాబైట్లలో నుండును. ఎనిమిది బిట్లు ఒక బైటు. 40 మెగాబిట్ల తీగలో క్షణమునకు 5 మెగాబైట్లే వచ్చును. ఐనను ఒక పాఠమును స్పష్టమైన బొమ్మతో చూచుటకు 5 మెగాబిట్లు చాలును. నలుగురు ఒకే వేళ నాలుగు ఫోనులు చూచినను 30 మెగాబిట్లతో గడచును. 2023 జనవరిలో ప్రభుత్వమువారు బ్రాడ్‌బ్యాండు అనిపించుకొనుటకు కనీసము 2 మెగాబిట్లు ఉండవలెనని నిర్ణయించిరి. అంతకు ముందు అందులో నాలుగవ వంతే చాలునను నియమముండెను. కావున నూరు, మూడునూరులు అని చెప్పి ఎక్కువ ధర గుంజువారి మాటకు లొంగ పనిలేదు. పైగా వారు "100 వరకు" అందురు. ఆ "వరకు" అను మూడక్షరములను గమనింపుడు. పది వచ్చినను అది నూరు వరకే యగును!

అపరిమితమను మాటకును పరిమితి కలదు. నెలకు ఇన్ని జీబీలు దాటిన పిమ్మట వేగము తగ్గింతుమని చిన్న అక్షరములలో వ్రాసియుందురు. ఎన్ని జీబీలకు, ఎంతకు తగ్గించెదరో అడుగవలెను. చెప్పిన ధర మీద నూటికి 18 రూపాయలు జీఎస్టీ పడును. 400 అన్నది చేతినుండి పోవునప్పుడు 472 అగును. పెట్టె ఉచితమన్నచో, మానివేసిననాడు దానిని తిరిగి ఈయవలెనా, ఈయనిచో ఎంత పట్టుకొందురో కనుగొనవలెను. ఆరునెలలకు, ఏడాదికి ముందు చెల్లించిన తగ్గింపు వచ్చునను ఆశ పెట్టుదురు. క్రొత్త పాలవానికి ఏడాది పైకము ముందు ఇత్తుమా? కనీసము ఒక వానకాలము గడచువరకు నెలకు నెల చెల్లించుటయే క్షేమము.

కరెంటు పోయినప్పుడు తీగలో వెలుతురు వచ్చుచున్నను మన ఇంటి పెట్టె పనిచేయదు. దానికి 12 వోల్టుల చిన్న బ్యాటరీ, అనగా మినీ యూపీఎస్సు ఒకటి కొని తగిలించినచో కొన్ని గంటలు నడచును. పెట్టెను ఇనుప బీరువా వెనుకనో ఫ్రిజ్జు మీదనో కాక, ఇంటి నడుమ ఎత్తైన చోట ఉంచవలెను. ఇన్ని చేసినను ఎర్రదీపము వెలిగినచో, దోషము మన ఇంటిలో లేదు, తీగలో వెలుతురు రాకపోవుటయే కారణమని సామాన్యముగ గ్రహింపవచ్చును.

ఫిర్యాదు చేయు విధము గూడ తెలిసియుండవలెను. ఫోను చేసినంతనే చాలదు. ఫిర్యాదు సంఖ్య అడిగి, తేదీతో సహా క్యాలెండరు మీద వ్రాసికొనవలెను. ఆ సంఖ్య లేని ఫిర్యాదు నీటిమీది వ్రాత. బాగుచేయనిచో అదే కంపెనీలోని అప్పీలు అధికారికి 30 దినములలోగా విన్నవించుకొనవచ్చును. అక్కడను న్యాయము కలుగనిచో వినియోగదారుల కమిషను ఉన్నది. టెలికాం సేవలపై అక్కడికి పోవుటకు వినియోగదారునకు హక్కు కలదని సుప్రీంకోర్టువారు 2022లో తీర్పు చెప్పిరి. 1915 అను నంబరునకు ఫోను చేసినచో వినియోగదారులకు సలహా చెప్పుదురు. ట్రాయి నియమములు చేయునే కాని ఒక్కొక్కరి ఫిర్యాదును తాను విచారింపదు.

రెండవమారు మేమెట్లు ఎంచుకొంటిమో చెప్పుదుము. ఒకనాటి మధ్యాహ్నము పొరుగింటి వదినెగారిని తోడు తీసికొని, మా ఊర నెట్టు ఉన్న అయిదిండ్లకు పోయితిమి. వేగమును గూర్చి అడుగలేదు. పోయిన ముసురులో ఎన్ని దినములు నిలిచినది, ఎవరు వచ్చిరి, పిలిచిన ఎంతసేపటికి వచ్చిరి అని మూడే ప్రశ్నలు అడిగితిమి. ఒక ఇంట ఎక్కువ వేగముగల తీగ ఉన్నది. నిలిచినప్పుడు మాత్రము ఎవరును రారు. వేరొక ఇంట 40 మెగాబిట్లే. కాని ఆ తీగను చూచుకొను కేబులు పిల్లవాడు మా ఊరివాడే, అతుకు యంత్రము మరిపెడలో ఉన్నది. మిగిలిన మూడిండ్లవారును ఆ పిల్లవాని పేరే చెప్పిరి. ఇంటికి వచ్చి మావారితో ఈ సంగతి చెప్పగా, "తక్కువ వేగము తీసికొనుట వెనుకడుగు కాదా?" అని వారు సందేహించిరి. "పదునొకండు దినములు సున్న వచ్చిన నూరు కంటె, దినము వచ్చు నలుబది మేలు కాదా?" అంటిమి. లెక్కల ఉపాధ్యాయులు కనుక వెంటనే ఒప్పుకొనిరి.

ఈమారు ఖాతా మా పేరిట, మా ఫోను నంబరు మీద తీసికొంటిమి. ఇది అభిమానమునకు చేసిన పని కాదు. తీగ తెగు వేళకు ఇంట నుండువారము మేము. ఓటీపీ మా చేతికి రావలెను. ఖాతా సంఖ్య, కేబులు పిల్లవాని నంబరు, చెల్లింపు తేదీ వంటింటి గోడ మీద పాలలెక్క ప్రక్కనే వ్రాసి పెట్టితిమి. ఆ తీగయు తెగకపోలేదు. మొన్నటి వానకాలమున ఒక ఉదయము తొమ్మిదింటికి ఎర్రదీపము వెలిగినది. ఫోను చేయగా మధ్యాహ్న భోజనములకు ముందే ఆ పిల్లవాడు స్తంభమెక్కెను. "కోతులు కొరికినయ్ అమ్మా, గంటల వస్తది" అనెను. అట్లే వచ్చినది.

మా పెద్దమ్మాయి హాస్టలునుండి ప్రతి రాత్రి ఎనిమిదింటికి పలుకును. మా అత్తగారు ఆ ముఖము తెరమీద చూచి గాని భోజనమునకు లేవరు. పిల్ల ఒకనాడును మమ్ము తప్పుపట్టలేదు. అందువలననే మాకు ఆ వానరాత్రి మరపునకు రాదు. వచ్చే యేడు మా అబ్బాయి వంతు. ఈమారు మొదటి దినముననే ఆప్షన్లు నింపవలెనని అక్కయే తమ్మునికి ఆజ్ఞాపించియున్నది.

అరణ్యపర్వమున సత్యభామ ద్రౌపదిని, భర్తలు నీకెట్లు వశులైరని అడుగగా, ఆ సాధ్వి మందులను మంత్రములను చెప్పలేదు. అంతటి రాజ్యమున ఆదాయవ్యయములు తానొక్కతెయే ఎరిగియుండెడిదాననని చెప్పినది. ఇంటిలోనికి వచ్చునది, ఇంటినుండి పోవునది ఎరిగియుండుట ఇల్లాలి ధర్మము. నేడు పాలు, బియ్యము, నీళ్లతోపాటు ఈ వెలుతురుతీగయు ఇంటిలోనికి వచ్చుచున్నది. మీ ఇంటికి ఏజెంటు వచ్చిననాడు పొయ్యి తగ్గించి ఇవతలికి రండు. తెగిననాడు ఎవరు వత్తురని ముందుగా అడుగుడు. దానికి సమాధానము చెప్పలేనివాడు ఎంత వేగమిత్తునన్నను, సంతకము చేయవద్దని మీవారితో చెప్పుడు.